కోవిల్‌పట్టికి వచ్చిన పడవ మోటారు

ఆ శనివారానికి ముత్తుకృష్ణన్ వేసుకున్న పథకంలో తొందరపాటు ఎక్కడా లేదు. పొద్దున్నే కూతురూ అల్లుడూ మోటారు తీసుకుని వస్తారు. ఇడ్లీలు తిన్నాక తను దాన్ని విప్పి చూస్తాడు. భోజనాల వేళకు అది బుద్ధిగా నడుస్తుంది. సాయంత్రం అల్లుడు దాన్ని బండికెక్కించుకుని తూత్తుకుడి వెళ్ళిపోతూ వీధి మలుపులో ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడు. ఆ చూపులో కాస్త గౌరవం ఉంటుంది. పథకం మొత్తంలో ముఖ్యమైనది ఆ చూపే.

అల్లుడు బాలచందర్ మంచివాడు, మాటలు తక్కువ. పెళ్ళయిన నాటినుంచి మామగారితో అతను మాట్లాడింది రెండే వాక్యాలు: "బాగుండారా మామా?", "తిన్నారా మామా?" భార్య పాప్పా ఉన్న రోజుల్లో ముత్తుకృష్ణన్‌కు అది లోటనిపించలేదు. ఇంట్లో మాటలన్నీ ఆవిడే మాట్లాడేది. ఆవిడ పోయాక ఇల్లు మరీ శుభ్రంగా, మరీ నిశ్శబ్దంగా తయారైంది. పాల ప్యాకెట్టును ఎండ తగలకుండా గుమ్మం నీడలో పెట్టి వెళ్ళే పాలవాడు, టీ కొట్టులో అడక్కుండానే చక్కెర తగ్గించే మనిషి, ఇలాంటివారి మంచితనంతో రోజులు గడిచిపోతున్నాయి. అలాంటి సమయంలో బాలచందర్ ఫోన్లో మూడో వాక్యం మాట్లాడాడు.

"మామా, మోటారుకు ఐడ్లింగ్ నిలవడం లేదు."

బాలచందర్‌కు తూత్తుకుడిలో చిన్న ఫైబరు పడవ ఉంది. సముద్రంలో పెరిగే గడ్డిని పరిశోధించే వాళ్ళను ఎక్కించుకుని తిప్పుతాడు. పడవ వెనక తగిలించే ఇంజెక్షన్ మోటారు వేగంగా పోయేటప్పుడు బాగానే ఉంటుంది. నెమ్మదిగా, ఊరికే తిరగాల్సి వచ్చినప్పుడు మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోతుంది. ఆదివారం పొద్దున పరిశోధకులు పడవను పరీక్షించడానికి వస్తున్నారు. వాళ్ళు నీళ్ళలోకి పరికరాలు దించేటప్పుడు మోటారు కదలీ కదలకుండా తిరుగుతూ పడవను ఒకేచోట నిలపాలి. అక్కడ ఆగిపోతే ఈ ఏడాది పని మొత్తం ఇంకో పడవకు పోతుంది. సర్వీసు సెంటరు మెకానిక్కేమో బంధువుల పెళ్ళికి ఊరెళ్ళాడు.

ముత్తుకృష్ణన్ ఉద్యోగం చేసినన్నాళ్ళూ కోవిల్‌పట్టి నుంచి రోజూ రైల్లో విరుదునగర్ వెళ్ళి, అక్కడి కాలేజీలో భౌతికశాస్త్ర ప్రయోగశాల చూసుకున్నవాడు. ఇంజను ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి చెప్పగలడు. ఆ బొమ్మకు గ్రీజు అంటదన్నది వేరే సంగతి. "నేను చూస్తాలే మాప్పిళ్ళా" అన్నాడు అల్లుడితో, గొంతు వీలైనంత మామూలుగా ఉంచుకుని.

అసలు పొరపాటు ఆ తర్వాత మర్యాద దగ్గర జరిగింది. పడవ మోటారును నీళ్ళలో ఉంచే నడపాలి. తూత్తుకుడిలో సముద్రమే ఉంది. కోవిల్‌పట్టిలో కుళాయికి పది పన్నెండు రోజులకోసారి నీళ్ళొస్తాయి. కాబట్టి మనిషి మోటారు దగ్గరికి వెళ్ళడం న్యాయం. కానీ పెద్దాయన్ను బస్సెక్కించి రప్పించుకోవడం మర్యాద కాదని అల్లుడు అనుకున్నాడు. తీసుకొస్తానన్న అల్లుడితో వద్దనడం మర్యాద కాదని మామ అనుకున్నాడు. ఇద్దరూ మర్యాదస్థులే కావడంతో మోటారు సముద్రాన్ని వదిలి నీళ్ళు లేని ఊరికి బయలుదేరింది.

అది వచ్చింది కుట్టి యానై మీద. ఆ ప్రాంతంలో చిన్న లోడు బండిని అందరూ ఏనుగుపిల్ల అనే పిలుస్తారు. బాలచందర్ బండిని ఇంటి ముందు ఆపేసరికి, ముత్తుకృష్ణన్ బావమరిది పెరియసామి కూడా విరుదునగర్ నుంచి ఆటోలో దిగాడు. మిరపకాయల మండీలో గుమాస్తా అతను. మోటారును ముంచడానికి డ్రమ్ము కావాలని బావ అడిగితే, మండీ నుంచి నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము పట్టుకొచ్చాడు.

"కడిగినావా?" అన్నాడు ముత్తుకృష్ణన్, లోపలికి తొంగిచూసి తుమ్మి.

"కడగడమా? ఆ నీళ్ళు ఎవరిస్తారు బావా? బాగా దులిపి, తుడిచి తెచ్చినా. పోసింది మిరపకాయలు కదా, ఇషమా?"

డ్రమ్మును బండి వెనక తలుపు కిందికి జరిపారు. బాలచందర్, పెరియసామి మూలుగుతూ మోటారును ఎత్తి ఆ తలుపుకే బిగించారు. దాని కాలు డ్రమ్ములో దిగింది. నీళ్ళను తోసే రెక్కను బాలచందర్ ముందే విప్పేశాడు. ఇక నీళ్ళు. ముత్తుకృష్ణన్ ఇంట్లోకి చూసి "కార్తికా!" అని కూతుర్ని పిలిచాడు.

కార్తిక నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "నాయనా, తొట్టిలోది పోసేస్తే రేపు నువ్వు మొగం దేంతో కడుక్కుంటావు?"

"సాయంత్రానికి మళ్ళీ తొట్టిలోకే తోడుకుందాంలే. నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ రోజే దొరుకుతుందని ఆయనకు తెలియదు. తొట్టెడు నీళ్ళు, వంటింటి గంగాళంలోవి, స్నానాల బకెట్లలోవి, చివరికి పాప్పా ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెలోవి కూడా డ్రమ్ములో పోశారు. ఖాళీ బిందెను ముత్తుకృష్ణన్ డ్రమ్ము పక్కనే, రోడ్డు మీద పెట్టాడు.

ఆ వీధిలో ఖాళీ బిందెను రోడ్డు మీద పెట్టడమంటే ఏమిటో ఆయనకు తెలిసి ఉండాల్సింది. అక్కడ బిందె అంటే మనిషి. పొద్దున్నే బిందెను వరుసలో పెట్టి, మనిషి వెళ్ళి వంట చేసుకోవచ్చు, బిడ్డకు జడ వెయ్యొచ్చు, పనికి కూడా పోయి రావొచ్చు. ఆ బిందె చోటును ఎవరూ ముట్టరు. పాప్పా బతికుండగా ఆ ఆకుపచ్చ బిందె ఎప్పుడూ వరుసలో మొదటిది. ఆవిడ పోయాక, ముత్తుకృష్ణన్ వచ్చినవాళ్ళందరికీ దారి ఇస్తూ ఇస్తూ దాన్ని చివరికి చేర్చాడు.

ఎదురింటి అంగమ్మాళ్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి బయలుదేరుతూ గుమ్మంలో ఆగింది. ఆమెకు కనబడింది ఇదీ: ఒక లోడు బండి, దాని వెనక పెద్ద నీలం డ్రమ్ము, డ్రమ్ములోకి దిగిన కొత్తరకం మోటారు, ఒక గొట్టం. పక్కన వరుసలో మొదటి బిందె. ఆమె చేతిలోని టిఫిన్ క్యారియర్ లోపల పెట్టి, రోడ్డు దాటి వచ్చింది.

"అన్నా, ఏంది ఇది? కొత్త మోటారా?"

"అవునమ్మా. మా మాప్పిళ్ళ తెచ్చినాడు."

"నీళ్ళు వస్తాయా దీంట్లో?"

ఇలాంటి మోటారు నడుస్తున్నంతసేపూ పక్కనున్న చిన్న రంధ్రంలోంచి సన్నటి నీటిధార చిమ్ముతూ ఉంటుంది. కింద పీల్చిన నీళ్ళు ఇంజనును చల్లబరిచి బయటికి వస్తున్నాయనడానికి అది గుర్తు. బాలచందర్ నిజాయతీగా జవాబు చెప్పాడు. "కండిప్పా, తప్పకుండా వస్తాయక్కా. రాకపోతే మోటారు కాలిపోతుంది."

అంగమ్మాళ్ ఇంట్లోకి పోయి బిందెతో వచ్చింది. అడుగున ఎర్ర మగ్గు ఒకటి ఉన్న ఆ బిందెను ఆకుపచ్చ బిందె వెనక పెట్టింది. బిందెలోకి చూడకుండానే ముత్తుకృష్ణన్‌కు మనసు కరిగిపోయింది. డ్రమ్ముకు నీళ్ళు చాలవేమోనని పాపం తన ఇంట్లోవి తెచ్చి పెట్టింది! "పెట్టు తల్లీ, అక్కడే ఉండనీ. అవసరమైనప్పుడు నేను చూసుకుంటా" అన్నాడు.

"మీరు చూసుకుంటానంటే సరిపోయె" అని ఆమె ఫ్యాక్టరీకి సెలవు చెప్పడానికి ఫోను తీసింది.

తర్వాత ముత్తుకృష్ణన్ మోటారు మీది టోపీలాంటి మూత తీసి లోపలికి తల దూర్చాడు. గంట పైన అది బయటికి రాలేదు. వీధిలో జరిగిందంతా ఆయన తల లోపలుండగానే జరిగింది.

బాలచందర్ స్టార్టు చేశాడు. మోటారు ఒక్కసారి గర్జించి నెమ్మదించింది. నెమ్మదించాక రోగం బయటపడింది. దడదడమని వణికి, రెండు దెబ్బలు మింగి, ఎక్కిళ్ళు పెట్టి, డబ్బుమని ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేస్తే మళ్ళీ అదే తంతు. పక్క రంధ్రంలోంచి మాత్రం నీటిధార చక్కగా చిమ్మింది.

"ఐడ్లింగ్ స్క్రూ ఎక్కడుండాది?" అన్నాడు ముత్తుకృష్ణన్ లోపలినుంచి.

"స్క్రూ లేదు మామా. ఇది ఇంజెక్షన్. అంతా కంప్యూటరే చూసుకుంటుంది."

"స్క్రూ లేని ఇంజనా?" ఆయన గీసే బొమ్మలో స్క్రూ ఉంది. గౌరవం కోసం కాసేపు దాన్ని వెతికాడు. దొరకలేదు. ప్లగ్గులు విప్పి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించాడు. మోటారు కృతజ్ఞతగా మూడు క్షణాలు ఎక్కువ నడిచి ఆగింది. గాలి వచ్చే దారి చూశాడు, శుభ్రంగా ఉంది. బ్యాటరీ తీగలు బిగించాడు, అవి ముందే బిగువుగా ఉన్నాయి.

బాలచందర్ ఒక చిన్న గాజులాంటి గిన్నె చూపించాడు. ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు ఆ గిన్నెలో వడకట్టుకుని ఇంజనులోకి పోతుంది. లోపల ఒక ఎర్రటి ఉంగరం ఉంది. "మామా, ఈ ఉంగరం ముందు అడుగున ఉండేది. ఇప్పుడు పైకి వచ్చినట్టుండాది."

ముత్తుకృష్ణన్ ఒక చూపు చూశాడు. "మంచిదేలే మాప్పిళ్ళా. పెట్రోలు నిండుగా వస్తోందని చెప్పే బెండు అది. తేలుతుంది. దాన్ని కదిలించొద్దు."

బాలచందర్ మర్యాదస్థుడు కాబట్టి కదిలించలేదు.

ఈలోపు వీధి మేలుకొంది. స్టార్టు చేసినప్పుడల్లా నీటిధార చిమ్మడం అంగమ్మాళ్ చూసింది. వరుస ధర్మం తెలిసిన మనిషి కాబట్టి ముందు ఆకుపచ్చ బిందెను ధార కింద పట్టి నింపింది. అది నిండాకే తన బిందె పట్టింది. తన వెనక పక్కింటివాళ్ళది, వాళ్ళ వెనక మూలింటివాళ్ళది. నింపిన బిందెలను కూడా వరుసలోంచి ఎవరూ తీయలేదు. మోటారు ఆగితే జనం ఆగారు, నడిస్తే కదిలారు. పెరియసామి అరుగు మీద కూర్చుని, ఇదేదో బావ చేసిన ఏర్పాటేననుకుని, "తోసుకోవద్దు, అందరికీ వస్తుంది" అని వరుసను సర్దాడు. కార్తిక వంటింట్లో ఉంది.

మోటారు పొగ నీళ్ళలోకే వదులుతుంది. వేడి పొగ డ్రమ్ము అడుగునుంచి బుడబుడమని పైకి వస్తూ, విరుదునగర్ మిరపకాయలు ఏళ్ళ తరబడి ప్లాస్టిక్‌లోకి ఇంకించిన ఘాటునంతా వెంట తెచ్చింది. మొదట పెరియసామి దగ్గాడు. తర్వాత వరుస ముందునుంచి వెనక్కి దగ్గుకుంటూ పోయింది.

"అమ్మోయ్, ఏంది ఈ ఘాటు?" అంది వెనకనుంచి ఒకావిడ.

"బ్లీచింగ్ పౌడరు" అంది అంగమ్మాళ్, కళ్ళు తుడుచుకుంటూ, తెలిసినట్టు. "మందు ఎక్కువ ఏసినారు. మంచి నీళ్ళేలే, బయం వద్దు. మనకోసరం ఎవురు ఇంత మందు ఏస్తారు?"

అంతవరకూ అనుమానంగా చూస్తున్న వాళ్ళు కూడా ఆ దగ్గుతో నమ్మకం కుదిరి బిందెలు తెచ్చుకున్నారు. మూలింటి సంగవి కాలేజీకి పోయే పిల్ల. వరుసను ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టింది. "మా వీధిలో కొత్త మోటారు నీళ్ళు" అని రాసింది. వరుస మలుపు తిరిగింది.

ఉన్నట్టుండి మోటారు కీచుమని కూతపెట్టింది. బాలచందర్ చప్పున ఆపేశాడు. "మామా, వేడెక్కిపోయింది! నీళ్ళు తాగడం లేదు!"

ముత్తుకృష్ణన్ తల బయటికి తీశాడు. మొదట డ్రమ్ములోకి చూశాడు. నీళ్ళు అడుగంటాయి. తర్వాత వీధిలోకి చూశాడు. ఎరుపు, పసుపు, నీలం, గులాబీ, అన్ని రంగుల బిందెలూ తన గుమ్మం నుంచి టీ కొట్టు దాకా నిలబడి ఉన్నాయి. వాటి వెనక మనుషులు దగ్గుతున్నారు. తన తొట్టిలో నీళ్ళు ఎక్కడికి పోతాయని పొద్దున అడిగిన ప్రశ్న ఆయనకు గుర్తొచ్చింది.

"పెరియసామీ, ఏందిరా ఇది?"

"నువ్వు చెప్పినట్టే పంచుతా ఉండాము బావా."

"నేను ఎప్పుడు చెప్పినా?" ఆయన జనం వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, ఇది నీళ్ళ మోటారు కాదు. పడవ మోటారు. పడవకు పెట్టేది."

ఎవరూ కదల్లేదు. అంగమ్మాళ్ చెయ్యి నడుము మీద పెట్టుకుంది. "పడవా? అన్నా, సముద్రం మన వీధికి ఎప్పుడొచ్చింది? మా ఇల్లు వదిలేసి పోయిందా?"

"లేదమ్మా, నిజం. తూత్తుకుడి నుంచి..."

"నీళ్ళుండే ఊరి నుంచి నీళ్ళు లేని ఊరికి పడవ మోటారు తెస్తే ఎవురన్నా నమ్ముతారా? మీకు చెప్పడం ఇష్టం లేకపోతే వద్దు. పాప్పక్క ఉంటే ఇట్ల దాచేది కాదు."

ముత్తుకృష్ణన్‌కు బాధేసింది. ఎందుకంటే ఆమె అడిగిన ప్రశ్నకు మర్యాద అన్నది తప్ప ఆయన దగ్గర వేరే జవాబు లేదు.

అప్పుడే వార్డు మెంబరు కుళందైసామి స్కూటరు దిగాడు. సంగవి స్టేటస్ అతని ఫోనుకూ చేరింది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో వరుసను ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, ముత్తుకృష్ణన్‌ను పక్కకు పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. తన వార్డులో తనకు తెలియకుండా ఎవరో నీళ్ళు పంచుతున్నారనేదే అతని దిగులు.

"సార్, ఇది ఎవరి తరపున?"

"మా మాప్పిళ్ళ తరపున."

"ఆయన ఏ పార్టీ?"

"పార్టీ ఏదీ లేదు సామీ. ఆయనకు పడవ ఉండాది, అంతే."

కుళందైసామి ముఖంలో రంగు మారింది. "పడవ గుర్తా? ఇండిపెండెంటా? మన వార్డులోనేనా?" అని, జవాబు కోసం ఆగకుండా ఫోను తీసి కాస్త దూరం నడిచాడు. "లారీ కావాల. ఇప్పుడే. లేదయ్యా, సాయంత్రం కాదు, ఇప్పుడే! జనమంతా రోడ్డు మీదుండారు" అనడం అందరికీ వినబడింది. తిరిగి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "తన్నీ లారీ వస్తా ఉండాది, అందరికీ నీళ్ళు. నేనే ఏర్పాటు చేసినా. ఎవరూ పడవ మాటలు నమ్మొద్దు."

వీధి చప్పట్లు కొట్టింది. మధ్యలో దగ్గింది.

బాలచందర్ గడియారం చూడలేదు కానీ ఎండ వైపు చూశాడు. మధ్యాహ్నం దాటుతోంది. మోటారు వణుకు ఇంకా అలాగే ఉంది. డ్రమ్ములో నీళ్ళు లేవు. "పరవాలేదు మామా" అన్నాడు మెల్లగా. "తీసుకుని పోతా. మీరు చాలా కష్టపడినారు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు."

తిట్టి ఉంటే ముత్తుకృష్ణన్‌కు ఇంత కష్టంగా ఉండేది కాదు. వంటింటి గుమ్మంలోంచి కార్తిక ఇద్దర్నీ చూస్తోంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరప ఘాటు వంటింటి దాకా వచ్చి ఉండదని ఆయనకు తెలుసు.

ఆయన నేరుగా అంగమ్మాళ్ దగ్గరికి వెళ్ళాడు. "అంగమ్మా, లారీ వస్తుంది. నీ బిందె నిండుతుంది. ఇప్పుడు ఆ నీళ్ళు తిరిగి డ్రమ్ములో పోయమ్మా. ఒక్కసారి."

"ఇచ్చిన నీళ్ళు తిరిగి అడుగుతారా ఎవురన్నా?"

"అడగరు. నేను అడుగుతా ఉండా. నా బిడ్డ కోసరం."

అంగమ్మాళ్ గుమ్మంలో ఉన్న కార్తికను చూసింది. తన బిందె ఎత్తి డ్రమ్ములో గుమ్మరించింది. "ఏయ్, చూస్తా నిలబడతారేంది? పోయండి అందరూ!" అని వెనక్కి తిరిగి అరిచింది. ఆకుపచ్చ బిందెలో నీళ్ళు, పక్కింటివాళ్ళవి, మూలింటివాళ్ళవి ఒక్కొక్కటీ వెనక్కి వచ్చాయి. బిందెలు మాత్రం తమ తమ చోట్లకే తిరిగి వెళ్ళాయి.

అంగమ్మాళ్ బిందెలోని ఎర్ర మగ్గు నీళ్ళతోపాటు డ్రమ్ములో పడింది. నీళ్ళు పెరిగేకొద్దీ అది కూడా మెల్లగా పైకి వచ్చింది. ముత్తుకృష్ణన్ దాన్ని తీయబోయి, చెయ్యి గాల్లో ఉండగానే ఆగిపోయాడు.

మగ్గు తేలుతోంది. ఎందుకు తేలుతోంది? కింద నీళ్ళున్నాయి కాబట్టి. నీళ్ళు లేకపోతే అది డ్రమ్ము అడుగునే ఉండేది. ఎర్రది. అడుగున ఉండేది. ఇప్పుడు పైకి వచ్చింది.

"బెండు కాదు!" అని అరిచాడు ముత్తుకృష్ణన్. సగం వీధి ఉలిక్కిపడింది. "మాప్పిళ్ళా, ఆ ఉంగరం పెట్రోలులో మునుగుతుంది! నీళ్ళలో అయితేనే తేలుతుంది! నా సర్వీసంతా పిల్లోళ్ళకు ఈ పాటమే చెప్పినా కదయ్యా. ఏది మునుగుతుంది, ఏది తేలుతుంది అని! పొద్దున నువ్వు చూపిస్తే కదిలించొద్దన్నా!"

వంటింట్లోంచి గాజు గ్లాసు తెచ్చాడు. బాలచందర్ మోటారు చుట్టూ ఉన్నవాళ్ళను వెనక్కి జరిపి చిన్న గిన్నెను విప్పి గ్లాసులోకి వంచాడు. గ్లాసులో రెండు పొరలు ఏర్పడ్డాయి. పైన పలచగా పెట్రోలు. కింద తళతళలాడుతూ, అనుమానం లేకుండా, నీళ్ళు.

జనం మెడలు సాచి చూశారు. వెనకనుంచి ఎవరో "మోటారులోంచి నీళ్ళొచ్చినాయి!" అని కేక వేశారు. ఆ మాట వరుస చివరిదాకా పాకింది. టీ కొట్టు దగ్గర విజిల్ పడింది. అంగమ్మాళ్ ముందుకు వంగి గ్లాసులోకి చూసింది. "ఇంతేనా? ఇందుకా పొద్దున్నుంచి నిలబడినాము?"

"పెట్రోలులో నీళ్ళు ఎట్ల పడినాయి?" అన్నాడు బాలచందర్, అయోమయంగా. "ట్యాంకు మూత బిగువుగానే ఉండాదే. రెండు ట్యాంకులుండాయి మామా. ఇది తూత్తుకుడిలో మా ఇంటి పెరట్లో పెట్టిన ఖాళీ ట్యాంకు. దీన్ని వాడినప్పటి నుంచే ఈ వణుకు."

కార్తిక మెట్టు దిగి వచ్చింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. "నీళ్ళొచ్చే రోజు..." అంది. "అది ఖాళీగా ఉండె. మూత కూడా బాగుండె. నింపి పెట్టినా. తర్వాత పెట్రోలు వాసనొస్తే గుమ్మరించినా. అంతా పోయిందనుకున్నా."

ఆ వీధిలో పుట్టిన పిల్ల. ఖాళీగా, మూతతో ఉన్న పాత్రను నీళ్ళొచ్చే రోజున నింపకుండా వదిలేస్తే రాత్రి నిద్రపట్టదు. పెళ్ళయి సముద్రం పక్కకు వెళ్ళినా ఆ అలవాటు ఆమెతోనే వెళ్ళింది. నేర్పింది ఎవరో ముత్తుకృష్ణన్‌కు తెలుసు. ఆయన ఇంట్లో పాప్పా పూలకుండీలను కూడా వదిలేది కాదు. అల్లుడు ఏమంటాడోనని ఆయన అతని వైపు చూశాడు.

బాలచందర్ భార్యను చూశాడు. గ్లాసును చూశాడు. తర్వాత, ఇన్నేళ్ళలో మొదటిసారి, మామగారి ముందు గట్టిగా నవ్వాడు. "మామా, పోయిన నెల ఈమె నా హెల్మెట్టు కూడా నింపి పెట్టింది! పొద్దున తల మీద పెట్టుకుంటే స్నానం అయిపోయె!"

"అది బోర్లా పెట్టి ఉండాల్సింది నువ్వు" అంది కార్తిక, ఏడుపూ నవ్వూ కలిపి.

తర్వాతి పని సులువైంది. ట్యాంకు పూర్తిగా వంచి ఖాళీ చేశారు. గొట్టం, గిన్నె, ఇంజెక్షన్‌కు ముందు పెట్రోలు నిలిచే చిన్న తొట్టి ఖాళీ చేశారు. ట్యాంకు మూత తీసి ఎండలో పెట్టారు. మోటారును ఈ ఊరికి తేవడం ఎందుకు మంచిదైందో అప్పుడు తెలిసింది. నీళ్ళు ఇవ్వడంలో కోవిల్‌పట్టికి పేరు లేదు కానీ, ఉన్న నీళ్ళను పోగొట్టడంలో దాని ఎండను మించింది లేదు. అందరూ కాసిని మజ్జిగ తాగి వచ్చేసరికి ట్యాంకు లోపల ఎముకలా ఎండిపోయింది. ముత్తుకృష్ణన్ తన స్కూటరులోని పెట్రోలు తీసి అందులో పోశాడు.

మోటారు స్టార్టయింది. రెండుసార్లు దగ్గింది. అప్పుడు వీధిలో దగ్గనిది ఎవరు కనుక? తర్వాత నెమ్మదించి, సన్నటి మంట మీద కుండలో పప్పు ఉడుకుతున్నట్టు ఒకే చప్పుడుతో తిరగసాగింది. పెరియసామి కాఫీ గ్లాసును దాని టోపీ మీద పెట్టాడు. కాఫీ కదల్లేదు. ఆ సన్నటి నీటిధార మాత్రం వంపు తిరిగి పడుతూనే ఉంది. ఈసారి దాని కింద బిందె పట్టింది ముత్తుకృష్ణనే. ఆ నీళ్ళను మళ్ళీ మళ్ళీ డ్రమ్ములోకే పోశాడు.

ఆ చప్పుడులో ఇంకో పెద్ద ఇంజను చప్పుడు కలిసింది. నీళ్ళ లారీ మలుపు తిరిగి వచ్చింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, అంత చక్కగా, ముందే నిలబడి ఉన్న వరుసను చూసి ఆశ్చర్యపోయాడు. గొట్టం లాగి వరుస మొదట్లోకి తెచ్చాడు. మొదటి బిందె ఆకుపచ్చది.

ముత్తుకృష్ణన్ అలవాటుగా పక్కకు జరిగి, "నువ్వు పట్టుకో అంగమ్మా, నేను తర్వాత..." అన్నాడు.

"వరుస వరుసే అన్నా" అంది అంగమ్మాళ్ కటువుగా. "పాప్పక్క బిందె ఎప్పుడూ ముందే. పట్టండి."

ఆయన పట్టాడు. బిందెలో నీళ్ళు నిండుతున్న చప్పుడు చాలా రోజుల తర్వాత దగ్గరగా విన్నాడు. మెడ దాకా నిండాక, దాన్ని ఎత్తుకుని లోపలికి వెళ్ళి, కాస్త ఆలస్యంగా బయటికి వచ్చాడు. కుళందైసామి లారీ ముందు నిలబడి ఫోటో తీయించుకుంటున్నాడు. పడవ మోటారు ఫ్రేములోకి రాకుండా జాగ్రత్తపడ్డాడు.

సాయంత్రం కుట్టి యానై బయలుదేరింది. ముత్తుకృష్ణన్ గుమ్మంలో నిలబడి చూశాడు. వీధి మలుపులో బండి నిజంగానే ఆగింది. బాలచందర్ తల బయటపెట్టి వెనక్కి చూశాడు. ఆ చూపులో గౌరవం ఏమంత కనబడలేదు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ముత్తుకృష్ణన్ పథకంలో ఆ నవ్వు లేదు. దాన్ని గౌరవంతో మార్చుకోమంటే మాత్రం ఆయన ఒప్పుకునేవాడు కాదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది. బాగున్నారా, తిన్నారా అన్న రెండు వాక్యాలూ అయ్యాక బాలచందర్ ఆగకుండా మాట్లాడాడు. మోటారు నీళ్ళ మీద కునుకు తీస్తున్నట్టు నిలబడిందట. పరికరాలు దించినంతసేపూ పడవ కదల్లేదట. ఈ ఏడు పని మనదేనట. వచ్చే ఆదివారం మామను కూడా సముద్రంలోకి తీసుకుపోతాడట. ఈసారి మామే తూత్తుకుడి రావాలట, మర్యాద సంగతి తర్వాత చూసుకోవచ్చట.

ఫోను పెట్టేసి ముత్తుకృష్ణన్ గుమ్మంలోకి వచ్చాడు. ఎదురింటి అరుగు మీద ఖాళీ బిందెను బోర్లించి, దాని మీద కూర్చుని అంగమ్మాళ్ కూర తరుగుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"అన్నా, మీ మాప్పిళ్ళ మోటారు మళ్ళీ ఎప్పుడు చెడిపోతుంది?"